కొమ్ములున్న దోనె

ఇంఫాల్‌లోని కాంగ్లా కోటలో హిజగాంగ్ అనే పడవల శాల ఉంది. అందులో నాలుగు పొడవాటి దోనెలు. రెండు తనాహిలు, పందేనికి వాడేవి. మిగతా రెండూ హియాంగ్ హిరెన్‌లు. వాటిలో దైవశక్తి ఉందని, వాటిని కొలిస్తే అపశకునాలు తొలగిపోతాయని మణిపూర్‌లోని మైతేయి ప్రజల నమ్మకం.

హియాంగ్ హిరెన్‌ను అణియం దగ్గర నిలబడి చూడాలి. సన్నగా సాగిన ఒడలు అక్కడ జంతువు తలగా మారుతుంది. ఆ తల మీద దుప్పికున్నట్టు కొమ్ములు. మైతేయిల ఆదిదైవం పాఖంగ్బాను కూడా కొమ్ములున్న సర్పంగానే చెక్కుతారు. అది మనసులో పెట్టుకుని అణియం నుంచి అమరం దాకా చూపు సారిస్తే, దోనె మొత్తం నీటి మీద పాకడానికి సిద్ధమైన పామే. తల బాగుందని మెచ్చుకుని అక్కడితో ఆగిపోతే పనివాడి ఊహలో సగమే చూసినట్టు.

ఈ పనిలో భక్తి ఉలి పట్టక ముందే మొదలవుతుంది. హిజన్ హిరావో అనే ప్రాచీన మైతేయి కావ్యంలో రాజుగారి పడవకోసం మనుషులు కొండవాలున ఒక మహావృక్షాన్ని ఎంచుకుంటారు. పూజ చేసి, నరకడం మర్నాటికి పెట్టుకుంటారు. ఆ రాత్రి చెట్టు తల్లి బిడ్డకోసం ఏడుస్తుంది. దోనె అందాన్ని పొగిడే ముందు చెట్టు దుఃఖాన్ని తలచుకున్న ఆ కవికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఏటా మైతేయి పంచాంగంలోని లాంగ్బన్ నెల 11వ రోజున, సాధారణంగా సెప్టెంబరులో, సగోల్‌బంద్‌లోని బిజయ్ గోవింద గుడి ఎదుట, తంగపాట్ అగడ్తలో హైక్రు హిదోంగ్బా అనే పడవ పందేల పండుగ జరుగుతుంది. మణిపూర్‌ను ఏలిన భాగ్యచంద్ర మహారాజు పినతండ్రి అనంతసాయి 1779లో దీన్ని మొదలుపెట్టాడు. ఆ గుడిలోని మూర్తి కూడా కొయ్యదే: భాగ్యచంద్ర కైనా కొండ మీది పనసచెట్టుతో చెక్కించిన విగ్రహాల్లో ఒకటి.

సంప్రదాయ దుస్తులు, తలపాగాలతో తెడ్లు వేసే రెండు జట్లకూ నాయకుడుంటాడు. అతణ్ణి తెంగ్మాయ్ లప్పా అంటారు. కానీ తెడ్డు నీళ్లలో పడకముందే నా కళ్లు దండల మీద నిలిచిపోతాయి. ఒకటి 108 ఉసిరికాయలది. రెండోది 108 బియ్యపు గింజలది, ఒక్కటీ విరగకూడదు. ఉసిరికాయలు గుచ్చడం ఏ ఇంటి ఆడవాళ్లకైనా వచ్చు. బియ్యపు గింజ అలా కాదు, కాస్త ఒత్తితే రెండు ముక్కలు. అంత సున్నితమైన దండను దేవుడికీ దోనెకూ సమర్పిస్తారు.