మిస్డ్ కాల్‌తో మొదలయ్యే రేడియో

భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ-రాజహరా గనుల నుంచి వస్తుంది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఖనిజం కదలడానికి అప్పుడే పట్టాలు పడ్డాయి. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఉండే మనిషి మాట కదలడానికి మాత్రం 2010 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ దారి పేరు సీజీనెట్ స్వర.

బీబీసీలో పనిచేసి వచ్చిన శుభ్రాంశు చౌధరి దీన్ని మొదలుపెట్టారు. మన దేశంలో ఆకాశవాణి తప్ప మరో రేడియో సొంత వార్తలు చెప్పకూడదు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియోలోనూ విత్తనాలు, పంటలు, పాటలు వినిపిస్తాయి, సొంత వార్తలకు వీల్లేదు. స్వర ఈ గోడను ఢీకొట్టలేదు, పక్క సందులోంచి వెళ్ళింది. ప్రసార టవరు జోలికి పోకుండా రేడియోను సెల్‌ఫోన్‌లోకి దించింది.

ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచే ఫోన్ వస్తుంది. ఒకటి నొక్కితే మన మాట రికార్డవుతుంది, రెండు నొక్కితే ఇతరుల మాటలు వినొచ్చు. భాష గోండీ అయినా, ఛత్తీస్‌గఢీ అయినా, కుడుఖ్ అయినా సరే. అక్షరం రాకపోయినా అంకె గుర్తుపడితే చాలు. వచ్చిందాన్ని వచ్చినట్టు వదలరు. మోడరేటర్లు విని, నిజానిజాలు కనుక్కుని, అనవసరమైనది కత్తిరించి విడుదల చేస్తారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం అక్కడ వినిపించే ఫిర్యాదుల అల్లిక. ముందు పేరు, ఊరు, పంచాయతీ, బ్లాకు, జిల్లా. తర్వాత సంగతి: బోరింగు పాడైంది, ఉపాధి కూలి రాలేదు, బడికి పంతులు రావడంలేదు. ఆ వెంటనే సంబంధిత అధికారి ఫోన్ నంబరు, వింటున్నవాళ్ళు ఆయనకు ఫోన్ చేసి అడగమని కోరిక. చివర తన నంబరు. ఏడుపు ఉండదు, ఉపన్యాసం ఉండదు. పత్రికలో వార్త చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు, చేతిలో నంబరు పెట్టేశారు! వార్తా, సాయమూ ఒకే రెండు మూడు నిమిషాల్లో ఇమిడిపోయాయి. జర్నలిజం పాఠాల్లో ఇంత పొదుపైన రచన నేను చూడలేదు.

మధ్యమధ్య పాటలు. పంట పాట, పెళ్ళి పాట, అప్పటికప్పుడు కట్టిన పాట. ఫోన్‌లో రికార్డు చేసినవి కాబట్టి డప్పు మోత సన్నబడి రేకు మీద చినుకులా వినిపిస్తుంది. అది లోపమే. అయినా ఫిర్యాదుకీ పాటకీ ఒకే గుమ్మం పెట్టడం నాకు నచ్చింది. కష్టం చెప్పుకున్నవాళ్ళు ఉత్త బాధితులుగా మిగలరు, పాటగాళ్ళూ అవుతారు.

ఇంటర్నెట్ అందని ఊళ్ళ కోసం తర్వాత బుల్టూ రేడియో వచ్చింది. బ్లూటూత్‌ను జనం పలికే తీరే ఆ పేరు. సిగ్నల్ దొరికేచోట ఎవరో ఒకరు కార్యక్రమాన్ని దించుకుంటే, అక్కణ్ణించి ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కి చేరుతుంది.

పని జరిగితే ఆ మనిషే మళ్ళీ ఫోన్ చేస్తాడు. బోరింగు బాగుపడింది, ఫోన్ చేసినవాళ్ళందరికీ ధన్యవాదాలు అంటాడు. అప్పుడు కూడా ఊరు, పంచాయతీ, బ్లాకు, జిల్లా మొదటి నుంచి చెబుతాడు.