ఓడ దిగిన తర్వాత

1997లో వచ్చిన జేమ్స్ కామెరాన్ ‘టైటానిక్’ సినిమాని మనలో చాలామంది చూసే ఉంటారు. అందులో నూరేళ్ళ రోజ్ తన కథ చెబుతుంది. వజ్రం కోసం సముద్రాన్ని గాలిస్తున్న మగవాళ్ళకి ఆమె జ్ఞాపకం అవసరపడింది కనకే ఆమె మాటకి చోటు దొరికింది. మరి ఓడ మునిగాక ఆమె బతికిన ఎనభై నాలుగేళ్ళ మాటేమిటి? మంచం పక్కన పేర్చిన కొన్ని ఫొటోలు, అంతే.

రోజ్ కల్పిత పాత్ర. నిజంగానే ఆ ఓడలోంచి బతికి బయటపడి, తొంభయ్యేళ్ళు జీవించిన ఒకామె మన గుంటూరులో పుట్టింది. పేరు రూత్ బెకర్. 1899లో లూథరన్ మిషనరీ ఇంట పుట్టిన పెద్దకూతురు. తమ్ముడు రిచర్డ్‌కి జబ్బు చేస్తే, తల్లి నెల్లీ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని 1912లో అమెరికా బయలుదేరింది. తండ్రి గుంటూరులోనే ఉండిపోయాడు. వాళ్ళు రెండో తరగతి ప్రయాణికులు.

ఆ రాత్రి తల్లి పన్నెండేళ్ళ రూత్‌ని దుప్పట్లు తెమ్మని గదికి పంపింది. చిన్నపిల్లలిద్దరూ, తల్లీ ఎక్కేసరికి 11వ నంబరు పడవ నిండిపోయింది. రూత్ తనే అడిగి 13వ పడవ ఎక్కింది. తెచ్చిన దుప్పట్లని చలికి వణుకుతున్న బొగ్గు కార్మికులకి ఇచ్చింది. ‘స్త్రీలూ పిల్లలూ ముందు’ అన్న మగవాళ్ళ త్యాగాన్ని ఎంతో పొగిడారు గానీ, ఆ నియమమూ వర్గాన్ని దాటలేదు. మొదటి తరగతి స్త్రీలు నూటికి 97 మంది బతికితే, మూడో తరగతిలో సగం మంది కూడా బతకలేదు. దుప్పట్లు మోసిన ఈ పిల్లని ఎవరో కాపాడారని మాత్రమే రాస్తే సరిపోతుందా?

తర్వాత ఆమె చదువుకుంది, టీచరైంది. తనతో చదివిన డేనియల్ బ్లాంచర్డ్‌ని పెళ్ళాడి ముగ్గురు పిల్లల్ని కంది. ఇరవయ్యేళ్ళ కాపురం విడాకులతో ముగిస్తే మళ్ళీ బడికెళ్ళి పాఠాలు చెప్పింది. తల్లి టైటానిక్‌లో ప్రయాణించిందని చిన్నప్పుడు ఆమె పిల్లలకే తెలియదు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక గానీ ఆమె నోరు విప్పలేదు. ఈ మౌనాన్ని భయమనేసి ఊరుకోవడం తేలిక. తన జీవితాన్ని ఒక్క రాత్రికి కుదించనివ్వని పట్టుదలగా కూడా దాన్ని చదవొచ్చని నాకనిపిస్తుంది.

ఈ చదువు మనకి దూరమేం కాదు. మా కథలాపూర్, కోరుట్ల వైపు గల్ఫ్ నుంచి భర్త శవపేటిక వచ్చిన ఆడవాళ్ళున్నారు. ఎవరొచ్చినా వాళ్ళని అడిగేది పెట్టె వచ్చిన రోజు గురించే. ఆ తర్వాత బీడీలు చుట్టి, అప్పులు తీర్చి, పిల్లల్ని చదివించిన ఏళ్ళ సంగతి ఎవరికీ వార్త కాదు. దుర్ఘటన వరకే స్త్రీని సాక్షిగా పిలిచి, ఆమె బతుకుని సాక్ష్యంగా లెక్కపెట్టని పద్ధతి సినిమాలోనూ ఉంది, మన రాతల్లోనూ ఉంది.

1990 మార్చిలో, తొంభయ్యేళ్ళ వయసులో, రూత్ ఓడెక్కి మెక్సికో వెళ్ళింది. 1912 తర్వాత అదే ఆమె మొదటి సముద్ర ప్రయాణం. అదే ఏడాది జులైలో చనిపోయింది. ఆమె కథ రాసేవాళ్ళు మునిగిన ఓడ దగ్గర ఎంతసేపు ఆగుతారో, ఈ రెండో ఓడ దగ్గరా అంతసేపు ఆగాలి.