వేళ్ళను అచ్చువేసిన పుస్తకం

మా సత్తుపల్లి వైపు భజనల్లో రామదాసు కీర్తన ఎవరికి రావాలన్నా ఎవరో ఒకరి నోటి నుంచే రావాలి. చేతిలో పుస్తకం ఉంటుంది, కాదనను. అందులో సాహిత్యం, దాని పైన రాగం పేరు, తాళం పేరు. మిగతాదంతా పక్కన కూర్చున్నవాళ్ళ గొంతు చూసుకుంటుంది. ఇలాంటి పుస్తకాలకు అలవాటుపడ్డ కంటికి సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ మొదట ముళ్ళకంపలా కనబడుతుంది. స్వరాక్షరాల చుట్టూ అలలు, చుక్కలు, వాలుగీతలు, ఇంటూ గుర్తులు. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన గ్రంథమిది. ఊరు తమిళదేశంలోది, లిపి మాత్రం తెలుగు. ముత్తుస్వామి దీక్షితుల కృతులే ఇందులో 229 ఉన్నాయి.

కృతుల లెక్క చూసి మెచ్చుకునేవాళ్ళు చాలామంది. నాకు ఆ గుర్తుల మీదే మమకారం. అవి పాట ఎలా వినబడాలో చెప్పి ఊరుకోవు, ఎడమచేతి వేలు వీణ మీద ఏం చేయాలో చెబుతాయి.

రిషభం నుంచి గాంధారానికి వెళ్ళాలనుకోండి. మధ్యలో వాలుగీత ఉంటే అది జారు. వేలు తీగను వదలకుండా రిషభం మెట్టు నుంచి గాంధారం మెట్టుకు జరగాలి. ఇంటూ గుర్తు ఉంటే అది ఒదుక్కల్. ఇక్కడ వేలు రిషభం మెట్టు దాటదు, ఉన్నచోటే తీగను పక్కకు లాగితే గాంధారం పలుకుతుంది. రెండింటా చేరింది గాంధారానికే. అయినా జారులో వేలు మెట్ల మీదుగా నడిచిన జాడ ఎంతో కొంత వినబడుతుంది. లాగినప్పుడు మెట్టే అడ్డురాదు, తీగ బిగువు పెరిగే కొద్దీ నాదం సాగుతూ పైకి పోతుంది. వట్టి ‘రి గ’ అని అచ్చువేసిన పుస్తకంలో ఈ తేడాకు చోటే లేదు. మన బజారు పుస్తకాలు చాలావరకు ఆ బాపతే.

జంటస్వరాల దగ్గర మూడు చుక్కలు పెట్టి స్ఫురితం అన్నాడు సుబ్బరామ దీక్షితులు. ‘స స’లో రెండో షడ్జమం ఊరికే మళ్ళీ మోగదు, కింది స్వరాన్ని తాకి లేస్తుంది. ఆ తాకుడు లేకపోతే అది సరళి వరుసలు నేర్చుకునే పిల్లల ‘స స’ అవుతుంది.

పియానోవాళ్ళకు ఈ గొడవ కొత్త కాదు. ఫ్రెడరిక్ షోపాఁ పదో ఓపస్ ఎట్యూడ్‌లు (సాధన రచనలు) 1833లో అచ్చయ్యాయి. అందులో రెండోది చూడండి. కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు ఒకదాని మీదుగా ఒకటి దాటుతూ అరస్వరాల వరుసను పరుగెత్తించాలి. అదే చేతి బొటనవేలు, చూపుడువేలు కింద తోడుస్వరాలు మీటాలి. బలహీనమైన వేళ్ళకే బరువంతా. ఆ వేళ్ళ అంకెలు దాదాపు ప్రతి స్వరం మీదా షోపాఁ స్వయంగా వేసిపెట్టాడు. తోడుస్వరాలను ఎడమచేతికి అప్పగిస్తే పని సగానికి సగం తేలిక. స్వరాల్లో ఒక్కటీ మారదు. నన్నడిగితే అది వేరే రచన. వేళ్ళన్నిటినీ ఒకే బలానికి తేవాలని చూడడం ప్రకృతికి ఎదురీదడమేనని తన అసంపూర్ణ బోధనా గ్రంథంలో రాసుకున్నవాడు, ఏ వేలికి ఏ పని ఇచ్చాడన్నది అలంకారం ఎలా అవుతుంది? ఆయన శిష్యుడు కరోల్ మికులీ 1879లో తెచ్చిన ప్రతిని, తర్వాత అల్ఫ్రెడ్ కార్టో ప్రతి ఎట్యూడ్‌కూ ముందు సాధనలు చేర్చి తెచ్చిన ప్రతిని పక్కపక్కన పెట్టుకుంటే, ఇద్దరూ చూసుకున్నది చేతినేనని తెలిసిపోతుంది. ఒకరు గురువు చేతిని, ఇంకొకరు నేర్చుకునేవాడి చేతిని.

మళ్ళీ మన పుస్తకానికొస్తే, సుబ్బరామ దీక్షితులను ఈ పని నెత్తిన పెట్టుకొమ్మని పట్టుబట్టినవాళ్ళలో చిన్నస్వామి ముదలియారు ఉన్నాడు. మన సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయడానికి పూనుకున్నవాడాయన. అయిదు గీతల లిపిలో స్వరం ఎత్తు, కాలం చక్కగా కుదురుతాయి. కంపితం దగ్గరికొచ్చేసరికి చిక్కు. దీక్షితులు స్వరం పక్కన ఒక అలగీత పెట్టి, ఆ మెట్టు మీదే వేళ్ళుంచి తీగను ఊపమన్నాడు.

లోపం లేదనను. ఎంత వేగంగా ఊపాలి, ఎన్నిసార్లు? గుర్తు చెప్పదు. అక్కడికి మళ్ళీ గురువు కావలసిందే. పైగా ఇవన్నీ వీణ భాషలో రాసిన గుర్తులు. వయొలిన్ మీద మెట్లే లేవు. పక్కకు లాగి పై స్వరం తెప్పించే వీలూ లేదు. ఒదుక్కల్ గుర్తు కనబడితే వాద్యకారుడు వేలు జార్చాల్సిందే. అది జారులా వినబడకుండా చూసుకోవడం అతని పాట్లు. తమాషా ఏమిటంటే, సుబ్బరామ దీక్షితులను దత్తత తీసుకుని పెంచిన మాతామహుడు బాలుస్వామి దీక్షితులే కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ తెచ్చినవాడు.