డిస్కు లాగే ముందు

సర్వర్‌లో పెట్టే రకం హార్డ్‌డిస్కు బస్తర్‌లోని జగదల్‌పూర్ దుకాణంలో అడగ్గానే దొరుకుతుందని నమ్మకం లేదు. కేశ్‌కాల్ ఘాట్ మీదుగా దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాయ్‌పూర్ నుంచి తెప్పించుకోవాలి, లేదా కొత్తవలస–కిరండూల్ లైనులో విశాఖ నుంచి రావాలి. వానాకాలంలో అనంతగిరి కొండచరియలు విరిగిపడితే ఆ రైలూ ఉండదు. బస్తర్‌కు వైద్య కళాశాల ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, నగర్‌నార్‌లో ఉక్కు కర్మాగారం ఉంది. ఇలాంటి చోట ఒక సర్వర్‌లో ఊరికే తిరుగుతున్న డిస్కు ఇంకో సర్వర్‌కు అక్కరకొస్తుంది. కాకపోతే దాన్ని తీయడం అందరూ అనుకునేంత తేలిక పని కాదు. దానికో వరస ఉంది. లైనక్స్ సర్వర్లు చూసేవాళ్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ వచ్చిన వరస అది.

చిక్కంతా లాజికల్ వాల్యూమ్ ఏర్పాటు (ఎల్‌వీఎం) లోనే ఉంది. హెచ్‌పీ వారి యూనిక్స్‌లో ఉన్న పద్ధతిని చూసి, హైన్జ్ మావెల్స్‌హాగెన్ 1998లో లైనక్స్‌కు ఎల్‌వీఎం రాశారు. నాలుగు డిస్కులను కలిపి ఒక వాల్యూమ్ గ్రూపు చేస్తాం. అందులోంచి కావలసినంత కోసుకుని లాజికల్ వాల్యూములు చేసుకుంటాం. నలుగురు రైతుల వడ్లు ఒకే గాదెలో పోసినట్టే. పోసేటప్పుడు సుఖం. ఒక రైతు వచ్చి ‘నా వడ్లు నాకివ్వండి’ అన్నప్పుడు తెలుస్తుంది, ఏ గింజ ఎవరిదో చెప్పలేమని. ఎల్‌వీఎం మాత్రం లెక్క రాసుకుంటుంది. డిస్కును మామూలుగా 4 మెబీబైట్ల ఎక్స్‌టెంట్లుగా విడగొట్టి, ఏ ముక్క ఏ వాల్యూముదో గుర్తు పెట్టుకుంటుంది. 2 టెరాబైట్ల డిస్కులో అలాంటి ముక్కలు దాదాపు 4 లక్షల 77 వేలు.

అందుకే మొదటి పని తీయడం కాదు, అడగడం. పీవీఎస్ అని కొడితే ప్రతి డిస్కు మొత్తం ఎంతో, ఖాళీ ఎంతో పక్కపక్కన వస్తాయి. రెండు అంకెలూ ఒకటే అయితే ఆ డిస్కులో ఏమీ లేనట్టు. అంకెలో కొంచెం తేడా ఉంటే ‘ఆఁ, ఏదో చిన్నది’ అని దాటేయకూడదు. థిన్ పూల్ మెటాడేటాకు ఎల్‌వీఎం తనంతట తాను దాచుకున్న అదనపు ముక్క అక్కడ ఉండవచ్చు. ఇలాంటివి మామూలు ఎల్‌వీఎస్ జాబితాలో కనిపించవు, అన్నీ చూపించమని ప్రత్యేకంగా అడగాలి. పాత స్వాప్‌నూ దాటేయకూడదు. ఎవరూ వాడటం లేదనుకుంటాం, కెర్నల్ వాడుతూనే ఉంటుంది.

ఇక్కడ ఎంత సేపు గడిపినా వృథా కాదని నా అభిప్రాయం. తరవాతి మెట్లలో చాలావరకు ఎల్‌వీఎమ్మే కాపలా కాస్తుంది. ఈ మెట్టు దగ్గర మన కళ్లే కాపలా.

డిస్కులో డేటా మిగిలి ఉంటే పీవీమూవ్ వాడతారు. ఈ సంప్రదాయంలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. వాల్యూము మౌంటయి ఉండగానే, ఆసుపత్రి కిటికీ దగ్గర రోగి పేరు నమోదు చేస్తుండగానే, దాని ముక్కలను గ్రూపులోని మిగతా డిస్కుల్లోకి తరలిస్తుంది. లోపల చేసేది తాత్కాలిక మిర్రర్. రెండు చోట్లా రాస్తుంది, రెండూ సమానమయ్యాకే పాత చోటును వదులుతుంది. మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ లేచాక ఏ డిస్కు పేరూ చెప్పకుండా అదే ఆదేశం ఇస్తే ఆగిన పని అందుకుంటుంది. అయినా యూపీఎస్ బ్యాటరీ చూసుకోకుండా మొదలుపెట్టవద్దు. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున 2 టెరాబైట్లు కదలాలంటే మూడున్నర గంటల పైమాటే. మిగతా డిస్కుల్లో చోటు చాలకపోతే ఏదో ఒక వాల్యూమును కుదించాలి. దాని ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే అన్‌మౌంట్ చేసి కుదించవచ్చు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఆ ఆశ వదులుకుని బ్యాకప్ తీసి, కొత్తగా చేసుకోవడమే మేలు.

ఖాళీ అయ్యాక వీజీరెడ్యూస్‌తో డిస్కును గ్రూపు నుంచి విడిపిస్తారు. ఒక్క ముక్క వాడకంలో ఉన్నా అది ఒప్పుకోదు. ఆ తరవాత పీవీరిమూవ్ ఎల్‌వీఎం ముద్రను చెరిపేస్తుంది. ఇది కూడా డిస్కు ఇంకా గ్రూపులో ఉంటే మొండికేస్తుంది. బలవంతం చేసే మార్గం ఉంది కానీ, తొందరలో ఉన్నవాళ్లకు దాన్ని చెప్పకపోవడమే మంచిది. మార్పుకు ముందున్న లెక్క ఎల్‌వీఎం ఆర్కైవ్‌లో ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. అయితే తిరిగొచ్చేది లెక్కే, పోయిన డేటా కాదు.

ఇక చేత్తో లాగడం. తెర మీద ఎస్‌డీసీ అని కనిపించినది పెట్టెలో మూడో అరలోనే ఉందని హామీ లేదు, రీబూట్‌కు ఆ పేర్లు మారిపోవచ్చు. సీరియల్ నంబరు తెర మీద చదివి, కాగితం మీద రాసుకుని, అర మీది చీటీతో పోల్చాలి. సదుపాయం ఉంటే ఆ అర దీపాన్ని లెడ్‌సీటీఎల్‌తో మినుకుమినుకుమనిపించవచ్చు. ఆ తరవాత కెర్నల్‌కు డిస్కు వెళ్లిపోతోందని చెప్పి, అప్పుడు గొళ్లెం విప్పాలి. పక్కది లాగామా, ఇంతసేపూ పడిన జాగ్రత్తంతా గంగలో కలిసినట్టే.

వాల్యూములనే తీసేసి ఉంటే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో వాటి వరసలు కూడా తీసేయాలి, లేకపోతే తరవాతి రీబూట్‌లో సర్వర్ వాటికోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పీవీరిమూవ్ చెరిపేది ముద్రనే. రోగుల వివరాలు పళ్లెం మీద అలాగే ఉంటాయి. డిస్కు ఇంకో కార్యాలయానికి వెళ్లేదైతే మొదటి నుంచి చివరి దాకా తిరగరాయాలి, ఎస్‌ఎస్‌డీ అయితే దాని సొంత శానిటైజ్ ఆదేశం వాడాలి. చీటీ మీద తేదీ, సీరియల్ నంబరు రాసి, డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ నివేదిక కూడా జత చేయాలి. అందులో పాడైన సెక్టార్ల సంఖ్య పెరుగుతూ ఉంటే, ఎంత ఖాళీగా ఉన్నా ఆ డిస్కును ఇంకొకరికి అంటగట్టకూడదు.