కింద సంగటి, పైన పడక లేదు

కదిరి దాటిన 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఊళ్ళను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ తమిళనాడులోని కృష్ణగిరికి చేరుతుంది. ఆ దారిన మధ్యాహ్నం పూట పోయేవాడికి బెంగలేదు. రోడ్డు పక్కన ఏదో ఒక హోటల్లో రాగిసంగటి, నాటుకోడి పులుసు తప్పక దొరుకుతాయి. రాత్రి పదింటికి పోయేవాడి సంగతి వేరు. అన్నం పెట్టినచోట పడక ఉండదు, పడక ఉన్న లాడ్జీలో పొయ్యి వెలగదు.

ఇంగ్లండు పల్లెల్లో ఈ రెండూ శతాబ్దాలుగా ఒకే కప్పు కింద ఉన్నాయి. కింద బీరు, భోజనం, మేడమీద నాలుగైదు గదులు. పబ్బు అనే ఆ ఇళ్ళకు బయట గుర్తు బోర్డు తప్పనిసరి అని రెండో రిచర్డ్ రాజు 1393లోనే చట్టం చేశాడు. చదువురాని జనానికి బొమ్మే అక్షరం కాబట్టి ఎర్ర సింహం, తెల్ల గుర్రం బొమ్మలు వెలిశాయి. ఆ బొమ్మల పేర్లే పబ్బులకు నిలిచిపోయాయి. గుర్రపు బండ్ల కాలంలో ప్రయాణికుడు అక్కడే తిని, అక్కడే పడుకుని, తెల్లవారి కొత్త గుర్రాలతో కదిలేవాడు.

మన దారుల్లో ఈ పని రెండు ఇళ్ళకు చెందింది. పడక సత్రానిది, తిండి పూటకూళ్ళ ఇంటిది. సత్రం దాత పుణ్యం కోసం కట్టించినది. అక్కడ తలదాచుకోవడానికి డబ్బు అడగరు. కొన్నిచోట్ల బియ్యం, పప్పు కొలిచి ఇస్తే యాత్రికులే వండుకునేవారు. పూటకూళ్ళ ఇల్లు పూర్తిగా వ్యాపారం. పూటకింత అని రేటు కట్టి వడ్డించేవారు. ఓరుగల్లు వీధుల చుట్టూ తిరిగే ‘క్రీడాభిరామం’లో అలాంటి ఇంటి ప్రస్తావన ఉంది. లక్ష్మణ వజ్ఝల ఇంట ఒక్క రూకకు మేలురకం అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు పెట్టేవారట. ఇప్పటి ‘ఫుల్ మీల్స్’ బోర్డు దానికి కొత్తగా చేర్చింది పెద్దగా ఏమీ లేదు.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ప్రతి మజిలీలో సత్రం ఉందా, అంగళ్ళు ఉన్నాయా, నీళ్ళ వసతి ఎలా ఉంది అని రాసుకుంటూ వెళ్ళాడు. ఆ కాలపు ప్రయాణికుడి మనసులో ఏముండేదో చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. ఇక రాత్రి కబుర్ల విషయానికొస్తే, మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలన్నిటినీ మజిలీ విడిది చుట్టూనే అల్లాడు. ఆ కథల్లో రోజంతా నడిచిన గోపుడికి మణిసిద్ధుడు మజిలీలో కథ చెబితే తప్ప మర్నాడు కాలు కదలదు.

పూటకూళ్ళ ఇంటి మెళకువ వంటకాల సంఖ్యలో లేదు, లెక్కలో ఉంది. ఏం కావాలని ఎవరూ అడగరు. ఆ పూటకు ఏది వండితే అదే. ఎంతమంది వస్తారో ఎసట్లో బియ్యం పోయకముందే తెలియాలి. అందుకే రోజూ వచ్చేవాళ్ళు నెలవారీ ఖాతా పెట్టుకునేవారు, దారిన పోయేవాడు ముందే చెప్పి స్నానానికి వెళ్ళేవాడు. ఒకే చెయ్యి వండడం వల్ల రుచి మారదు, మిగులు ఉండదు. ఆ చెయ్యి చాలాసార్లు వితంతువుది. బతకడానికి ఇంకో తలుపు తెరవని సమాజంలో వంట ఒక్కటే ఆమెకు మిగిలిన పెట్టుబడి. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మకు సొంత పేరు కూడా లేదు, వృత్తే పేరు. అయినా ఆ నాటకంలో గిరీశాన్ని గడగడలాడించగల సత్తా ఉన్న కొద్దిమందిలో ఆమె ఒకతె.

ఈ సంప్రదాయాన్ని మురిపెంగా చెప్పుకునేవాళ్ళు ఒక మాట దాటవేస్తారు. భోజనం పెట్టే సత్రాలు చాలావాటిలో వడ్డన కులాన్ని బట్టి జరిగేది. పూటకూళ్ళ ఇంటి గడప కూడా అందరిదీ కాదు. కాఫీ హోటళ్ళు వచ్చాక కూడా ‘బ్రాహ్మణ’ అనే బోర్డులు 20వ శతాబ్దంలో చాలాకాలం వేలాడాయి. రాయలసీమ, మైసూరు సరిహద్దు ఊళ్ళలో ఆ గడప ఎత్తు తగ్గించింది మిలటరీ హోటల్. మాంసం వండుతుంది, చేతిలో డబ్బులుంటే కూర్చోబెడుతుంది. ఎవరు నువ్వని అడగదు.

ఆ హోటల్ నిలబడింది సంగటి మీద. మదనపల్లె, పుంగనూరు మెట్టనేలల్లో రాగి, వేరుశెనగ, ఉలవ, అనప పాతకాపులు. వరి అన్నం ఒకప్పుడు పండగ తిండి. సంగటి చూడ్డానికి సులువు, చెయ్యడానికి ఒళ్ళు వంచాలి. ముందు బియ్యమో నూకలో నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగా ఉడికించాలి. గంజి వార్చకూడదు. ఉడుకుతున్న ఆ అన్నం మీద రాగిపిండి గుట్టగా పోసి, కలపకుండా, కట్టెతో మధ్యలో బొక్క పెట్టి, మూతేసి, సన్నమంట మీద వదలాలి. ఆవిరి ఆ బొక్కలోంచి పైకొచ్చి పిండిని లోపలిదాకా ఉడికిస్తుంది. తొందరపడి ముందే గెలికితే పిండి ఉండలు కట్టి లోపల పచ్చిగా మిగులుతుంది. తర్వాత గిన్నె దించి, కదలకుండా అదిమిపెట్టి, సంగటి కట్టెతో రెండు చేతులా గెలకాలి. హోటళ్ళలో పెద్ద గుండిగలకు ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. తడిచేత్తో ముద్ద చేసినప్పుడు చేతికి అంటకపోతే ఉడికినట్టు.

తినడానికీ ఒక పద్ధతి ఉంది. ముద్దను అన్నంలా పిసికి కలపరు. చిన్న తునక తుంచి, వేలితో గుంట చేసి, పులుసులో ముంచి, నమలకుండా మింగుతారు. కొత్తవాడు నములుతూ కూర్చుంటే వడ్డించేవాడికి దొరికిపోతాడు. పక్కన నాటుకోడి లేనినాడు వేరుశెనగలు, ఎండుమిరప, చింతపండు నూరిన ఊరుబిండి చాలు. కూలికి పోయే మనిషికి రెండు ముద్దలు సాయంత్రందాకా ఆగుతాయి. అందుకే ఈ హోటళ్ళలో తిండిని ప్లేట్లలో కాక ముద్దల్లో లెక్కపెడతారు.

చలికాలం వస్తే అనపకాయలు. గింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కదాన్నీ వేళ్ళమధ్య నొక్కి తొక్క పితికి తీస్తారు. పితుకుపప్పు కూర వెనక ఉన్న శ్రమంతా ఇదే. ఇంట్లో అమ్మలక్కలు కబుర్లాడుకుంటూ చేసే పని కాబట్టి హోటళ్ళు దీనికి భయపడతాయి. ఆ కూర దొరికే హోటల్ కనబడితే ఆ వంటమనిషిని నమ్మవచ్చు.

పుంగనూరు పేరు చెప్పగానే పొట్టి ఆవు గుర్తొస్తుంది. ప్రపంచంలోనే అతి చిన్న పశుజాతుల్లో ఒకటి, పాలల్లో వెన్న ఎక్కువని పేరు. ఆ పాల పెరుగు హోటల్లో అడగడం మాత్రం అత్యాశ. జాతి అంతరించే స్థితికి వస్తే పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో కాపాడుకోవాల్సి వచ్చింది. కుప్పం చేరేసరికి పళ్ళెం మారుతుంది. ఒకపక్క కర్ణాటక, ఒకపక్క తమిళనాడు. సంగటి పక్కనే పరోటా ఉంటుంది, ఆంబూరు పద్ధతి బిర్యానీకి వంకాయ కూర తోడొస్తుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఈ ఊళ్ళోనే పెట్టడానికి కారణం వెదికేవాళ్ళు ఏదైనా హోటల్లో అరగంట కూర్చుంటే సరిపోతుంది.

పడక కథ వేరే దారి పట్టింది. తెల్లదొరలకు ట్రావెలర్స్ బంగళాలు ఉండేవి, వంటకు బట్లరు ఉండేవాడు. 1860లలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ మదనపల్లె దగ్గరి కొండమీద ఇల్లు కట్టుకుంటే ఆ కొండకు ఆయన పేరే స్థిరపడింది. ఇప్పుడు అక్కడ పర్యాటక శాఖ గదులున్నాయి, చలి ఉంది, చూపు సాగినంత లోయ ఉంది. భోజనం మాత్రం ఏ ఊళ్ళోనైనా దొరికే పనీర్, ఫ్రైడ్‌రైస్ వైపు మొగ్గుతుంది. మంచి ఆతిథ్యం మదనపల్లెకు కొత్త కాదు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చిన రవీంద్రుడు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరం రాసింది.

అన్నం పెట్టడంలోనూ ఈ సీమ పేరు పెద్దదే. తిరుమలలో 2011లో తెరిచిన అన్నప్రసాద భవనానికి పెట్టిన పేరు కవయిత్రి తరిగొండ వెంగమాంబది. ఆమె ఊరు తరిగొండ మదనపల్లెకు దూరమేమీ కాదు. అయితే ఉచిత భోజనం, రోడ్డు పక్క హోటల్ ఒకదానికొకటి బదులు కావు. ఉచితంగా తినేవాడు కృతజ్ఞుడై ఉంటాడు, డబ్బిచ్చి తినేవాడు ఉప్పు తక్కువైందని అంటాడు. వంట బాగుపడేది రెండోవాడి వల్ల.

ఇంగ్లండు పబ్బును బీరుతో సహా ఇక్కడికి తేవాలని ఎవరూ అనరు. కల్లంగడి మనకు ఏనాడూ కుటుంబంతో భోంచేసే చోటు కాలేదు. తేదగ్గది ఆ మేడమీది గదులే. టమాటాలు తెచ్చి మదనపల్లె మార్కెట్లో వేలంకోసం కాచుకునే రైతు, ఎక్కడి నుంచో వచ్చిన వ్యాపారి, రిషివ్యాలీ బడికి పిల్లల్ని చూడవచ్చిన తల్లిదండ్రులు రాత్రి ఉండాల్సినవాళ్ళే. సంగటి హోటల్ పైన శుభ్రమైన గదులు, ఉదయానికి ఇంటి ఇడ్లీ ఉంటే బస్టాండు లాడ్జీకి పోయే పని వాళ్ళకు ఉండదు. యజమాని కింద వండుతూ పైన అద్దె తీసుకుంటే దుప్పటి ఉతికారా లేదా అని అడగడానికి ఒక మనిషి కూడా ఎదురుగా ఉంటాడు.

అప్పటిదాకా ఈ రోడ్డున పోయేవాళ్ళు మధ్యాహ్నం ఒంటిగంటలోపే ఆగడం మంచిది. మంచి హోటల్లో సంగటి ఒక్క గుండిగే గెలుకుతారు. రెండు దాటాక వెళితే తెల్లన్నం వడ్డించి, ముద్ద రేపు తిందువులే నాయనా అంటారు.