అందించే గొంతు, అందుకునే ఊరు

డిసెంబరు చలి మొదలైందంటే నా చెవుల్లో కంజీర మోగుతుంది. బాపట్ల దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో, రాత్రి తొమ్మిదింటికి గుడి దగ్గర బయల్దేరిన క్రిస్మస్ పాటల జట్టు మా వీధికి వచ్చేసరికి ఒంటిగంట దాటేది. ముందు పెట్రోమాక్స్ లైటు, దాని వెనక వెదురుబద్దలకు రంగుకాగితం అంటించిన నక్షత్రం, ఆ వెనక తువ్వాలుతో హార్మోనియం మెడకు తగిలించుకున్న పాటల మాస్టారు. మేం తలుపు తీసేలోపే పల్లవి ఇంట్లోకి వచ్చేసేది. అమ్మమ్మ కళ్లయినా తెరవకుండా, దుప్పట్లోంచే రెండో సగం అందుకునేది.

తెలుగు క్రిస్మస్ పాట గొప్పతనమంతా ఆ అందుకోవడంలోనే ఉంది. ఒకరు అందిస్తారు, ఊరు అందుకుంటుంది. గుడిలో కూర్చున్నవాళ్లలో అక్షరం రానివాళ్లే ఎక్కువగా ఉన్న రోజుల్లో పుట్టిన పద్ధతి ఇది. వినడానికి తేలిక, చెయ్యడానికి కాదు. జనం పాదం చివరి అక్షరం ఇంకా సాగదీస్తుండగానే, తాళం మిగిల్చిన ఆ కాస్త సందులో తర్వాతి పాదం మొదటి రెండు మాటలు మాస్టారు అందించాలి. ముందుగా అందిస్తే పాట తొక్కిసలాట అవుతుంది, ఆలస్యమైతే చల్లారిపోతుంది. మా మాస్టారు ఆ రెండు మాటల్ని కూడా రాగంలోనే, శ్రుతి జారకుండా, జనం గొంతు కిందుగా పోనిచ్చేవారు. మైకు లేదు. తెల్లవారుజాము ఆరాధనలో మూడువందలమంది పాడుతుంటే చివరి వరసలో ఉన్న ముసలామెకు కూడా ఆ మాటలు అందేవి. వెనక పిల్లలు పాటను లాగేస్తుంటే ఆపి కసురుకునేవారు కాదు, కంజీర మీద ఒక్క గట్టి దెబ్బ వేసేవారు. అంతే, పిల్లలు తాళంలో పడేవారు. అంతటి విద్వత్తును నేను పెద్ద సభల్లో కూడా అరుదుగా చూశాను.

ఆయన చంకలో ఎప్పుడూ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ఉండేది. అందులో కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. శంకరాభరణం, బిలహరి, ముఖారి. ఆది, రూపకం, చాపు. పల్లవి, అనుపల్లవి, చరణాలు అన్నీ మన సంగీతం నడకే. ఈ దారి వేసినవాళ్లలో పెద్దాయన పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టి 1890 దాకా బతికిన ఆ మనిషి క్రీస్తును తెలుగు కీర్తనలో ప్రతిష్ఠించాడు. ‘త్రాహిమాం క్రీస్తునాథ’ ఆయనదే. అది క్రిస్మస్ పాట కాదు, నాకు తెలుసు. కానీ యతి ఎక్కడ విరగాలో, ప్రాస ఎక్కడ మోగాలో, ఆర్తి ఎక్కడ గొంతులోకి రావాలో నేర్చుకోవాలంటే ఆయన దగ్గరే కూర్చోవాలి.

చరిత్ర గురించి రెండు మాటలు చాలు. 1842లో ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ గుంటూరు వచ్చాడు. 1878లో, పెద్ద కరవు తర్వాత, ఒంగోలు వైపు గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే రెండువేలమందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో చాలామంది మాదిగపల్లెలవాళ్లు. వాళ్లతోపాటే డప్పు, కోలాటం, ఊడ్పుల పాటల బాణీలు గుడి గడప తొక్కాయని మా పెద్దలు చెప్పేవారు. క్రిస్మస్ పాటల్లో పిలుపులూ, పరుగులూ, పసిబిడ్డకు లాలిపాటలూ అంత ఎక్కువగా ఉన్నది అందుకేనని నాకూ అనిపిస్తుంది. మా అమ్మమ్మ ఉయ్యాల దగ్గర పాడిన లాలీ, క్రిస్మస్ రాత్రి గుడిలో పాడిన లాలీ ఒకే వరస. బాలయేసు ఆమెకు ఇంట్లో బిడ్డే.

దొరల బాణీల్లోంచి తెచ్చుకున్న పాటల మీద నాకంత ప్రేమ లేదని దాచుకోను. తెలుగులో గురువు గురువే, లఘువు లఘువే. పరాయి బాణీలో పొడుగు స్వరం వచ్చి మన పొట్టి అక్షరం మీద కూర్చుంటే ‘పడు’ కాస్తా ‘పాడు’ అవుతుంది. అర్థం మారిపోతుంది, లేకపోతే నాలుక మడతపడుతుంది. ఒక్క ‘శుద్ధరాత్రి’కి మాత్రం చేతులెత్తి దండం పెడతాను. 1818 క్రిస్మస్ ముందురాత్రి ఆస్ట్రియాలోని ఓబర్న్‌డోర్ఫ్‌లో గిటారు మీద మొదటిసారి పాడిన పాట అది. మాటలు జోసెఫ్ మోర్‌వి, బాణీ గ్రూబర్‌ది. తెలుగు చేసినవారి చెవి ఎంత గొప్పదో ఆ మొదటి మాటే చెబుతుంది. ‘శు’ వెనక సంయుక్తాక్షరం ఉంది కనుక అది గురువు, బాణీలో ఊగే చోట కుదురుగా కూర్చుంది. ‘ద్ధ’ లఘువు, పొట్టి స్వరం మీద తేలిగ్గా వాలింది. ‘రా’ దీర్ఘం, స్వరం ఆగి నిలిచే చోటే నిలిచింది. కొవ్వొత్తులు పట్టుకుని, దీపాలన్నీ ఆర్పేసి ఆ పాట పాడుతుంటే మా ఊరి గుడిలో పెద్దమనుషుల గొంతులు కూడా వణికేవి.

ఇప్పుడేం జరుగుతోంది? పోయిన డిసెంబరులో పట్నంలో ఒక గుడికి వెళ్లాను. మనిషెత్తు డీజే పెట్టెలు, కీబోర్డు మీద ముందే నింపిపెట్టుకున్న దరువు, ఆ మధ్యే హిట్టయిన సినిమాపాట బాణీ. దానికి యేసు పేరు అతికించారు. నాలుగు మాటలే ఇరవైసార్లు. జనం చేతులు ఊపారు, ఫోన్లు ఎత్తారు. పాడినవాళ్లు లేరు! అందుకోవడానికి సందేదీ? నా కడుపు రగిలిపోయింది. 1955లో ‘మిస్సమ్మ’ కోసం పింగళి రాసి, సాలూరి రాజేశ్వరరావు కట్టి, పి. లీల పాడిన ‘కరుణించు మేరిమాత’ వినండి. సినిమావాళ్లే అంత భక్తితో కట్టారే! అలాంటిది ఇవాళ గుడి పోయి సినిమా గడప దగ్గర చెయ్యి చాపుతోందా? మనకు బిలహరి లేదా? డప్పు లేదా? నేను చూసిన కొన్ని కొత్త పాటల పుస్తకాల్లో రాగం పేరూ లేదు, తాళం పేరూ లేదు. ఇంటిపేరు చెరిపేసి బిడ్డను సంతలో వదిలేసినట్టుంది.

పాస్టరుగార్లకు, సంఘ పెద్దలకు దండం పెట్టి అడుగుతున్నాను. నవంబరులోనే పిల్లలను కూర్చోబెట్టండి. పది కీర్తనలు, కంఠతా, తాళం వేస్తూ నేర్పించండి. ఒక్క రాత్రయినా పెట్టెలు లేకుండా హార్మోనియంతో వీధుల్లోకి వెళ్లండి. పాత వరసలు తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల గుమ్మాల ముందు ఆగండి.

మా పెద్దమ్మ అలాంటి మనిషి. కిందటి క్రిస్మస్‌కి ఆమె పాట దాచుకుందామని ఫోన్ ముందు పెట్టి కూర్చున్నాను. కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. మూడో చరణంలో పుస్తకంలో ఎక్కడా లేని ఒక విరుపు వేసింది, నాకు ఒళ్లు జలదరించింది. చప్పుడు పడుతుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆమె చరణం ముగించి, పల్లవి మొదటి రెండు మాటలు అందించి, ఆగిపోయింది. కళ్లు తెరిచి నావైపు చూసింది.

“ఏరా, అందుకోవేం?”