బాయి మూతపడ్డాక

బొగ్గుబాయి మూతపడితే ఆ ఊరికి ఏం మిగులుతుంది? సింగరేణి కోల్‌బెల్టులో పుట్టి పెరిగిన నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. దీనికి జవాబు వెతుక్కుంటూ ఒక తెలుగమ్మాయి దక్షిణ వేల్స్ లోయల దాకా వెళ్లి, ఇంత ఓపికగా పుస్తకం రాయడం మాత్రం కొత్త. చదువుతున్నంతసేపూ గర్వపడ్డాను.

1984-85 బ్రిటన్ గని కార్మికుల సమ్మె ఓడిపోయాక ఆ లోయల్లో గనులు వరసగా మూతపడ్డాయి. 1994లో టవర్ కాలరీని కూడా మూసేస్తే, 239 మంది కార్మికులు తమకొచ్చిన పరిహారంలోంచి తలా 8 వేల పౌండ్లు వేసుకుని ఆ బాయిని కొనుక్కున్నారు. 2008లో బొగ్గు అయిపోయేదాకా తామే నడుపుకున్నారు. ఈ కథ మన యూనియన్లలో కొందరికైనా తెలుసు. తెలియనిది ఆ పక్క లోయల కథ. ఈ పుస్తకానికి ప్రాణం అదే.

అవెల్ అమన్ తావె అనే స్థానిక సంస్థ 1998లో గాలిమరల ఆలోచన మొదలుపెట్టింది. అనుమతులు, అభ్యంతరాలు, అప్పుల తిప్పలు దాటుకుని 2017లో స్వాన్సీకి ఉత్తరాన కొండ మీద రెండు గాలిమరలు తిరిగాయి. 4.7 మెగావాట్లు. వాటి యజమాని జనం వాటాలతో ఏర్పడిన సహకార సంఘం. ఎన్ని వాటాలున్నా మనిషికి ఓటు ఒక్కటే. ఈ అలవాటు ఎక్కడిదో రచయిత్రి తవ్వి తీసింది. ఆ లోయల్లోని ట్రెడెగర్ ఊరి కార్మికులు జీతంలోంచి కొంత వేసుకుని వైద్య సంఘం నడిపారు. ఆ ఊరివాడైన అన్యూరిన్ బెవన్ ఆరోగ్య మంత్రిగా 1948లో ఆ పద్ధతినే దేశమంతటికీ విస్తరించాడు. ఆ అధ్యాయాన్ని నేను రెండుసార్లు చదివాను.

ఒక్క లోటు చెప్పాలి. అప్పట్లో చిన్న ఉత్పత్తిదారుల కరెంటుకు బ్రిటన్ ప్రభుత్వం రేటు హామీ ఇచ్చేది. 2019లో కొత్తవాళ్లకు ఆపేసింది. ఆ ఆసరా లేకుండా ఇలాంటి సంఘాలు ఎలా నిలబడాలో ఇంకొంచెం రాసి ఉండాల్సింది.

మన సింగరేణి బొగ్గు కంపెనీ కూడా సోలార్ ప్లాంట్లు పెట్టింది, సంతోషం. ఆ కంపెనీలో 51 శాతం తెలంగాణ రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. బాయి కోసం భూమి ఇచ్చిన ఊరికి అందులో వాటా లేదు. మనం కొలువు అడిగాం, డిపెండెంట్ ఉద్యోగం అడిగాం, పరిహారం అడిగాం. యాజమాన్యంలో వాటా అడగాలన్న ఆలోచనే మనకు రాలేదు.

కొత్తగూడెం, ఇల్లందు, బెల్లంపల్లి, గోదావరిఖని మిత్రులారా, యూనియన్ ఆఫీసుల్లో పదిమందీ కూర్చుని ఈ పుస్తకం చదవండి. మూతపడ్డ బాయి భూమి మీద పుట్టే కరెంటులో మా ఊరి వాటా ఎంత అని వచ్చే సభలోనే అడగండి.